బొంతకవచము

హేమంతర్తువున నది యొక సాయంసమయము. నల్లకొండ దుర్గప్రాకారశిఖరముల నంటియున్న పడమటి యెండ పసుపునీళ్ల వలె పలుచనై జారిపోవుచుండ, లోయలనుండి మంచు మెల్లమెల్లగా కొండనెక్కి వచ్చుచుండ, బురుజులమీది కావలివారు కంబళ్లు కప్పికొని నెగళ్లు రాజవేయుచుండ దుర్గాధ్యక్షుడును వృద్ధుడునగు ప్రోలయ తన మందిరపు ముంగిట ఉక్కుకవచమును విప్పి సేవకుల కిచ్చి లోనికి బోయి మాసికల బొంత నొకదానిని భుజములనిండ కప్పికొని కూర్చుండెను. పట్టుశాలువలు పెట్టెలలో మూలుగుచుండ ఈ ముసలివానికి ఈ పాతబొంత యేల యని చదువరి యడుగవచ్చును. అడిగినపిమ్మట చెప్పక తప్పునా? చెప్పెదను.

ప్రోలయకు నూనూగుమీసములు నల్లబడుచున్ననాటి మాట యిది. వాని తండ్రి యెర్రపోతు ఆ దుర్గపు తూర్పువాకిట కావలిభటుడై యుండి యేటియొడ్డున జరిగిన యొకానొక పోరునందు వరదపాలు గాగా ఆయన యినుపకవచమును ఆయనతోడనే మునిగిపోయెను. నల్లకొండలో నొక కట్టడి గలదు. భటుడు మరణించినయెడల వాని కొలువును కొలువుతోడి యిల్లును కొడుకునకే చెందును గాని ఆ కొడుకు విజయదశమినాడు తన కవచముతో దాను కొలువునకు రావలెను. రాకున్న రెండును అన్యులపాలగును. అంతియ కాదు. కవచమును కుట్టినవాడే దానిని తొడిగికొని ఆయుధశాలాధికారి వేయు బాణమున కెదురుగా నిలువవలెను. పోయెడిది పరుల ప్రాణమే గదా యని యెవ్వరును పలుచగా కుట్టకుండుటకై పెద్దలు పెట్టిన మర్యాద యది. పెద్దలు మంచివారే కాని కొంచెము గట్టివారు.

ఇనుము కొనుట ప్రోలయవంటి వానికి కలలోని మాట. కొలిమికడకు బోయి నిలుచుండగా కమ్మరి తలయెత్తి వీని మొలలోని సంచి బరువును కంటితోనే తూచి మరల తల దించుకొనెను. అంతట వాడు ఊరివెలుపల చవుకగా దొరకిన పచ్చి యెనుపతోలును దెచ్చి, నీట నానవైచి, మెత్తబడినదానిని తన యొడలికే చుట్టి కొలిచి కోసి, తడితడిగానే తోలుపట్టెలతో బిగియ గట్టి, అద్దములేని యింట నీటికుండలో తన నీడను జూచికొని మురిసి, పిమ్మట దానిని విప్పి చూరున నెండకు వ్రేలాడగట్టెను. ఒక్క మాట యెవ్వరినైన నడిగియుండిన బాగుండెడిది. అడుగలేదు. ఆదిలోనే హంసపాదు.

ఎండిన కవచమును దింపి తొడుగబోవ తల దూరలేదు. నానినప్పు డొడలికి సరిపోయిన తోలు ఎండి ముడుచుకొని కొయ్యవలె బిగిసి సగమైపోయినది. వాని మేనమామకూతురును భార్యయు నగు కాచమ వాకిట నిలిచి దానిని అటునిటు త్రిప్పి చూచి యిట్లనియె.

"బావా, పారవేయకుము. మన దూడకు తొడిగి చూతము. దానికి సరిగా నతుకును."

ప్రోలయ నవ్వలేదు. దసరా దగ్గరబడినది, చేతిలో నేమియు మిగులలేదు. తండ్రి నిలిచిన వాకిట మరియొకడు నిలుచునని తలంపగనే గడపమీద గూలబడి చిన్నబిడ్డవలె నేడ్చెను.

అప్పుడు తల్లి బయ్యమ లోనుండి తన బొంతను దెచ్చి వాని యొడిలో వైచెను. ఆ బొంత యెట్టిదని చెప్పుదును! అడుగున నామె పెండ్లినాటి యెర్రచీర, దానిపై ఏటేట చినిగిన యెర్రపోతు తలపాగలు, ఆపై నామె కట్టి విడిచిన చీరలన్నియు పొరమీద పొరగా పేర్చి దగ్గర దగ్గర కుట్టులు వైచినది. జ్వరము వచ్చినప్పుడెల్ల ప్రోలయను దానిలోనే చుట్టెడివారు. దానినిండ వంటయింటి పొగవాసన, తండ్రి చెమటవాసన.

"నాయనా, మీ తండ్రి ఇనుపకవచము క్రింద దూదియంగీ తొడిగెడివాడు. దెబ్బను ఇనుమాపును, పోటును గుడ్డ మ్రింగును అని చెప్పెడివాడు. ఇదిగో గుడ్డ."

"అమ్మా, చలికాలము ముంగిట నున్నది. నీవేమి కప్పికొందువు?"

"చలికి కుంపటి యున్నది. ఇల్లే పోయినయెడల కుంపటి నెక్కడ పెట్టుకొందును?"

బయ్యమ తానే కత్తెర పట్టెను. ఎర్రచీర యంచుకడ నామె చేయి ఒక్క క్షణ మాగెను. పిమ్మట కోసెను.

ఒకసారి ముడుచుకొన్న తోలు మరల ముడుచుకొనదు గనుక చెడిపోయినదనుకొన్న కవచమును ప్రోలయ అరచేయంతటి బిళ్లలుగా కోసెను. బిళ్లలకు వాడు ఆరెతో బెజ్జములు పొడుచుచుండ, కాచమ జనుపదారమునకు మైనము పట్టించుచుండ, బయ్యమ ఇంటిపై పెంకులు కప్పినట్లు బిళ్లమీద బిళ్ల వచ్చునట్లు బొంతపై కుట్టుచు భర్త ముచ్చటలు చెప్పుచుండెను. ఆయన పెండ్లిపీటలమీద నిదురపోయిన సంగతి ప్రోలయ అప్పుడే మొదట వినెను. ముగ్గురును కడుపుబ్బ నవ్విరి. వ్రేళ్లు పగిలి నెత్తురు చిమ్మిన ఆ దినములలోని సుఖము తరువాతి కాలమున నే సింహాసనముచెంతను వానికి దొరకలేదు.

విజయదశమి వచ్చెను. ఆయుధశాలాధికారి సూరపనీడు విల్లు చేతబట్టి ప్రోలయ కవచమును జూడగనే కొలువుకూటమంతయు గొల్లున నవ్వెను. "బొంతభటుడు" అని యెవ్వడో యనెను. సూరపనీడు నవ్వక మర్యాద ప్రకార మడిగెను.

"దీనిని కుట్టినదెవ్వరు?"

ప్రోలయ నోరు తెరువకమున్నే ఆడువారి గుంపులోనుండి బయ్యమ ముందునకు వచ్చెను.

"బిళ్లలు కోసినవాడు వాడు. కుట్టినదాన నేను. కట్టడి కట్టడియే గదా దొరా. నేను నిలిచెదను."

నవ్వులన్నియు నణగిపోయెను. సూరపనీడు విల్లు దించెను. ఇట్టి చిక్కును పెద్దలు తలంచినవారు గారు. ప్రోలయ మాత్రము అప్పటికే కవచమును తలమీదుగ దొడిగికొనుచుండెను.

"దొరా, ఇది నా కొలతకు కోసినది, మా అమ్మకు వదులగును. ఆమె కుట్టుపై నాకు నమ్మిక గలదు. బాణము వేయుడు."

వాడు నిలిచెను. భయము కలిగినది, అబద్ధమాడనేల? కాని మెడకడనుండి ఆ పొగవాసన, ఆ చెమటవాసన తగిలి, జ్వరము వచ్చిన పసివాడు బొంతలో నణగినట్లు వాని మనసణగెను. కోసినవాడును కుట్టినవారిలో నొకడే యని యొప్పుకొని సూరపనీడు విల్లెత్తెను. అల్లెత్రాడు మ్రోగెను. గుద్దు తగిలినట్లై రెండడుగులు వెనుకకు బోయి నిలద్రొక్కుకొనెను.

బాణము బిళ్లను చీల్చుకొని బొంతలో దిగి యాగియుండెను. సూరపనీడు దానిని పెరికి మొనను వెలుతురునకు పట్టి చూచెను. నెత్తురు లేదు. మొనకు చిక్కుకొని యొక యెర్రని పోగు గాలిలో నాడుచుండెను. అది బయ్యమ పెండ్లిచీరలోనిది. అధికారి ఆ పోగును త్రెంపక బాణమును ఉన్నదున్నట్లుగనే తెచ్చి ఆమె చేతి కిచ్చి తూర్పువాకిలి తాళములను ప్రోలయ చేతి కిచ్చెను.

కొంతకాలమునకు ప్రోలయకు ఇనుము అమరినది. అమరగనే బిళ్లలన్నియు విప్పి ముక్కలను మరల కూర్చి బొంతను తల్లికి గప్పెను. బాణపుబెజ్జమునకు కాచమ మాసిక వేయబోవ ముసలామె చేయి పట్టుకొని యాపెను.

"అది కుట్టకుము తల్లీ. చావు వచ్చి ఆగిపోయిన చోటది."

ఆమె పోయినది, కాచమయు పోయినది. ప్రోలయ ఎన్నియో కవచములు తొడిగెను, ఎన్నింటినో యుద్ధములలో పోగొట్టుకొనెను. ఉక్కు బాణము నాపునే గాని చలి నాపదని ఆతడు కుఱ్ఱభటులతో ననుచుండును. వారు దానిని వృద్ధుని చాదస్త మనుకొందురు. ఇప్పుడు బురుజులమీద నెగళ్లు మండుచున్నవి. మంచు గుమ్మముదాక వచ్చినది. దుర్గాధ్యక్షుడు బొంతను గడ్డముదాక లాగికొని, తల్లి తన చివరిదినములలో చేసినట్లే, ఆ బెజ్జములో చూపుడువ్రేలు దూర్చి కన్నులు మూసికొనెను.