సొరుగులో వెలిగిన పేర్లు

నేను ఒక ఫోన్‌ని. ఎవరి ఫోన్‌నీ కాదు. నాలో ఏ అమ్మ నంబరూ లేదు, ఏ పెళ్లి ఫోటో లేదు. ఫ్యాక్టరీలో ఒకమ్మాయి నా గాజు తుడిచి పెట్టెలో పెట్టినప్పుడు, ఎవరో నన్ను చెవికి ఆనించుకుంటారనుకున్నాను. విశాఖపట్నం మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకొచ్చి పడ్డాను. వీపున తెల్ల ప్లాస్టరు అంటించి 'టెస్టింగ్' అని రాశారు. పేరూ అదే, గోత్రమూ అదే.

వాళ్లు రాసిన ప్రోగ్రాము మెసేజ్ పంపుతుందో లేదో చూడ్డానికి ఆ మెసేజ్ అందుకోవడం నా పని. అందుకోసం లేని మనుషుల్ని పుట్టించేవాళ్లు. అప్పడాల అప్పారావు, వయసు రెండొందలు. 'టెస్ట్ టెస్ట్' అనే పెద్దమనిషి నలభైసార్లు ఆసుపత్రిలో చేరాడు, ముప్పైసార్లు చచ్చాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ లేని మనుషులకే అలవాటు పడ్డాను.

ఆ ప్రోగ్రాము క్షయ రోగులొచ్చే ఒక ఛాతీ ఆసుపత్రికి. రాసింది ఇందుమతి. పది అంకెల ఫోన్ నంబరు లేకపోతే అందులో రోగి పేరు ఎక్కదు. మరి ఫోన్ లేనివాళ్లో? ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఆ గదిలో ఒక్కొక్కడి దగ్గర రెండేసి ఫోన్లున్నాయి. తీరా ప్రారంభానికి ముందురోజు ఆసుపత్రివాళ్లు గోల పెడితే, ఇందుమతి ప్రోగ్రాములో ఒక్క వరుస రాసింది. గడి ఖాళీగా ఉంటే నా నంబరు వేసుకొమ్మని. పక్కన 'రేపు తీసేయాలి' అని కూడా రాసుకుంది. సాఫ్ట్‌వేరువాళ్ల రేపుని మీరెప్పుడైనా చూశారా? నేను మూడేళ్లు ఎదురుచూశాను.

నన్ను సొరుగులో పడేశారు. ఛార్జరు వైరు పీకడం మరిచారు. అందుకే చావలేదు.

కొన్నాళ్లకు ఆ చీకట్లో వెలిగాను. 'అప్పలనర్సి గారూ, మీ కఫం పరీక్ష ఫలితం వచ్చింది. మందులు మొదలుపెట్టాలి. వెంటనే రండి.' వారానికి మళ్లీ అదే. ఇంకో వారానికి, 'ఇదే చివరి కబురు' అని. అంతే, ఆ పేరు మళ్లీ రాలేదు. మూడుసార్లు పిలిచినా రాని మనిషిని ప్రోగ్రాము మూసేస్తుంది. తర్వాత ఇంకో పేరు. ఇంకోటి. లేని మనుషుల పేర్లు ఇంత బరువుండవు. నాకు నోరు లేదు, వణకడం ఒక్కటే తెలుసు. వణికాను. పైన కూర్చున్నవాళ్లు సొరుగుకేసి చూసి, "ఎలకలు చేరినట్టున్నాయ్" అన్నారు.

ఈలోగా ఇందుమతికి పని మీద మనసు చచ్చింది. బటన్ రంగు నీలం నుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చ నుంచి మళ్లీ నీలానికి. ఎవరికోసమో తెలీదు. ఆఫీసువాళ్లు కోటేసుకున్న ఒకాయన్ని పిలిచి 'మీలోని నిప్పుని వెతుక్కోండి' అని రెండు గంటలు చెప్పించి, సమోసాలు పెట్టారు. అయ్యా, పని చేసే మనిషికీ, ఆ పని ఎవరికోసమో ఆ మనిషికీ మధ్య గోడ కట్టింది మీరే, స్ఫూర్తి అమ్మడానికొచ్చిందీ మీరే!

ఆవిడ రాజీనామా ఉత్తరం రాసుకుంది. మధ్యాహ్నం పూట బల్ల ఖాళీ చేస్తూ సొరుగు లాగింది. నన్ను చూసింది. ఆరువందల పన్నెండు మెసేజీలు.

"ఫణి గారూ, ఎవరండీ వీళ్లంతా?"

"ఎవడో ఆటపట్టిస్తున్నాడమ్మా" అన్నాడు మేనేజరు ఫణీంద్ర, తలెత్తకుండా.

అప్పుడే ఆవిడ అరచేతిలో వణికాను. 'పైడమ్మ గారూ, ఇదే చివరి కబురు.' ఆవిడ ముఖంలో రక్తం దిగిపోవడం నా గాజులో కనపడింది. తను రాసిన వరుస గుర్తొచ్చింది.

"ఫిర్యాదుల జాబితాలో టికెట్ వేసెయ్, వచ్చే నెల చూద్దాం" అన్నాడు ఫణీంద్ర.

"వచ్చే నెల దాకా ఆవిడ ఉండాలి కదండీ!"

నన్ను సంచిలో వేసుకుని, ఆసుపత్రిలో చిరునామా అడిగి, అప్పుడే బస్సెక్కింది. ఎస్.కోట అవతల ఒక ఊరు. పైడమ్మ వాకిట్లో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. పిక్కకో దెబ్బ, దెబ్బకో దగ్గు.

"ఆసుపత్రికి మళ్లీ ఎందుకెళ్లలేదమ్మా?" అడిగింది ఇందుమతి.

"ఎందుకెల్తానమ్మా? ఏదైనా ఉంటే ఫోనొస్తాదని ఆ కంపూటరు బాబు సెప్పినాడు. నాకు ఫోను నేదు బాబూ అంటే, ఇందులో ఏదో నంబరు దానంతటదే పడిపోయింది, నీకెందుకు, ఎల్లు అన్నాడు. మరి కబురు రానేదు గదా! బాగున్నాననుకున్నాను."

ఇందుమతి సంచిలో నన్ను తడుముకుంది.

"మూడేల్ల కితం ఇలాగే పరీచ్చకెల్లినపుడు నా పక్కన కూకున్న అప్పలనర్సికీ రానేదు. ఓలే, మనిద్దరం గట్టి పిండాలమే అని ఒకటే నవ్వింది. ఆ యేడు ఆసాడంలో పోయింది."

ఇందుమతి నన్ను తీసి మెసేజీల్ని వెనక్కి జరిపింది. జరుపుతూనే ఉంది. అప్పలనర్సి గారూ, అప్పలనర్సి గారూ, అప్పలనర్సి గారూ. మూడు పిలుపులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆవిడ వేలు మూడోదాని మీద ఆగిపోయింది.

"అదేటమ్మా, ఫోను సూసి ఏడుత్తన్నావు? మీవోలెవరైనా పోయారేటి?"

"అవును" అంది ఇందుమతి.

పైడమ్మకి మర్నాడే మందులు మొదలయ్యాయి. మిగతా పేర్లన్నీ ఇందుమతి కాగితం మీదికెక్కించి, ఆశా కార్యకర్తల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. కొన్ని గడపల్లో మనుషులు దొరికారు. కొన్ని గడపల్లో దండేసిన ఫోటోలు. ఆ వరుస తీసేసింది. ఇప్పుడు ఫోన్ లేనివాళ్ల పేర్లు రోజూ పొద్దున్నే ఆ ఊరి ఆశా కార్యకర్త చేతికి వెళ్తాయి.

రాజీనామా ఇవ్వలేదు. ఆవిడకు స్ఫూర్తి దొరికిందని ఆఫీసు పత్రికలో ఫోటో వేశారు. ఆవిడకి దొరికింది అప్పలనర్సి. ఆ పేరు కాగితం మీద రాసి బల్ల మీద అంటించుకుంది. బటన్ రంగు మార్చేటప్పుడు కూడా ఒకసారి అటు చూస్తుంది.

నన్ను మళ్లీ సొరుగులో పెట్టలేదు, ఎదురుగానే ఉంచుకుంది. రోజూ రాగానే నా నల్ల గాజుని చూసి, వెలగలేదని ఊపిరి వదిలేది. మోగకుండా ఉండడమే ఉద్యోగంగా రెండేళ్లు బతికాను. తర్వాత బ్యాటరీ ఉబ్బింది. పారేయడానికి ఆవిడకి చెయ్యి రాలేదు, ఇంకెవరో తీసుకెళ్లి పడేశారు.

ఇప్పుడు పాత సామాన్ల గోదాములో ఒక అట్టపెట్టెలో ఉన్నాను. ఊళ్లోని ఆఫీసులన్నిటి ఫోన్లూ ఇక్కడే. నా పక్కనున్నదాని వీపునా తెల్ల ప్లాస్టరే, 'టెస్టింగ్' అని. నిన్ననే వచ్చింది, ఛార్జింగు ఇంకా మిగిలుంది, సిమ్ము తీయడం మరిచిపోయినట్టున్నారు.

ఇప్పుడే అది వెలిగింది. ఎవరిదో పేరు.