కత్తిగాట్ల పలక

నేను ఒక పడవ పలకను, మామిడి చెక్కను. మేకు అన్నది లేకుండా, అతుకుల మీద లోపలివైపు ఎండుగడ్డి పరిచి, కొబ్బరి తాడుతో నన్ను తోటి పలకలకు కుట్టారు. అలాంటి పడవ కెరటం గుద్దితే విరగదు, ఒళ్లు వంచుతుంది.

ఉప్పాడ ఒడ్డున మనుషులకు ఇంజన్ల మోజు పట్టాక నా తోటివన్నీ పొయ్యిలోకి పోయాయి. నన్ను మాత్రం నూకరత్నం మామగారు ఇంటికి మోసుకొచ్చాడు. ఆవిడ నా మీద చేపలు కోసేది. సముద్రం చూసిన పలకనన్న నా మురిపెం పొలుసుల కింద అణిగిపోయింది.

మళ్లీ కుట్టు పడవ కట్టాలని ఊరికి బుద్ధి పుట్టేసరికి ఆనవాలుగా మిగిలింది నేనొక్కదాన్నే. నూకరత్నం మరిది పోలిరాజు నన్ను చూసి కొత్త పలకలు చెక్కి, నన్నూ వాటి మధ్య కుట్టాడు. తొలిసారి తెడ్డు పట్టేది ఆవిడ కొడుకు అప్పన్న. భర్తను కెరటాలకు పోగొట్టుకున్న మనిషి, ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడకు ముద్ద దిగలేదు.

పడవ దించే ముందురోజు చూడ్డానికి వచ్చి, నా మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఈ వైపు బయటికెట్టావేంటి మరిదీ?"

"ఇసక మీద ఈడ్చిన గీతలు కనపడతల్లేదా వదినా? గడ్డి అచ్చు కూడా ఇటే ఉంది. అందుకే గడ్డి బయటేపు కుట్టాను."

"ఇసకేంటయ్యా, అయ్యి నా కత్తి గాట్లు! సేప జారదని గుంటగా ఉన్న లోపలేపు మీద కోసేదాన్ని. ఇదిగో, ఇది పండుగప్ప తల నరికిన గాటు."

పోలిరాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. గడ్డీ తాడూ బయట ఉంటే ఇసుక రాపిడికి తెగి, పడవ కెరటాల మధ్య విడిపోయేది.

"ముందే సెప్పొచ్చు గదా వదినా!"

"పలక ఇమ్మన్నావు, ఇచ్చాను. దీంతో ఏం సేసేదానివని అడిగావా?"

కుట్లన్నీ విప్పి, నన్ను తిప్పి, గడ్డి లోపలివైపు వచ్చేలా మళ్లీ కుట్టారు. ముహూర్తం దాటిపోయినా ఎవరూ గొణగలేదు.

పడవ దించిన రోజు మొదటి కెరటం గుద్దింది. ఒళ్లు వంచడం నేను మరిచిపోలేదు. అప్పన్న కెరటాలు దాటి వెళ్లి, నవ్వుతూ తిరిగొచ్చాడు. నూకరత్నం మోకాళ్లలోతు నీళ్లలోకి ఉరికి, కొడుకు చెంప తడిమి, పడవలోకి చెయ్యి పెట్టి నా గాట్లను నిమిరింది. నాలుగు చుక్కల తడి తప్ప లోపలికి నీళ్లేమీ ఊరలేదు.

"ఇన్నాళ్లూ నీ మీద సేపలు కోశాను," అంది నాతో. "ఇక నువ్వే ఎల్లి పట్టుకురా."