మడతపడ్డ కళావరు రెండు

మా మనవరాలు ఫోన్‌లో పోకర్ నేర్చుకుంటోంది. తప్పు ఆడితే ఆ ఫోనే చెప్పి, మళ్ళీ ఆడిస్తుందట. మాకు తిట్టి నేర్పేవాళ్ళు.

నేనూ తమ్ముడూ లాండ్రీలో ఇస్త్రీ పని చేసేవాళ్ళం. మధ్యాహ్నం తిన్నాక మేస్త్రీ పేకముక్కలు పంచేవాడు. పందెం డబ్బు కాదు, చొక్కాలకి ఊడిన గుండీలు. తమ్ముడు పక్కన కూర్చుని, మొహాలు చూసి నేర్చుకున్నాడు. నేను ఓడి ఓడి నేర్చుకున్నాను.

మొదటిరోజు మేస్త్రీ, "నీ దగ్గర ఏం లేదు, ఫోల్డ్ చెయ్యి" అన్నాడు. లాండ్రీవాడికి ఫోల్డంటే ఒకటే. ముక్కని సగానికి మడిచి, గోటితో గీత పెట్టి ఇచ్చాను.

"ఓరి నీ ఇస్త్రీ పెట్టా! అది చొక్కా అనుకున్నావురా? ఫోల్డంటే ముక్కలు పెట్టేసి తప్పుకోవడం!"

"మా అన్నయ్య మడతకి వంక పెట్టేదుందా మేస్త్రీ!" అని తమ్ముడు పడీపడీ నవ్వాడు.

మేస్త్రీ దాన్ని ఇస్త్రీ పెట్టె కింద పెట్టి సాపు చేశాడు. ఆ గీత ఎవరికీ కనబడలేదు. మడిచినవాణ్ణి కదా, నాకు మాత్రం కనబడేది. అది కళావరు రెండు. ఎవరి చేతిలో ఉందో తెలిసిపోయేది. ఒక్కడికీ చెప్పలేదు.

ఆ వానాకాలం బాయిలర్ గదిలో ఆవిరి కారడం మొదలైంది. లోపలికి వెళ్ళి గొట్టం బిగించాలంటే అందరికీ భయమే.

"రేపు మీ ఇద్దరిలో ఒకడు వెళ్ళండి. ఎవడో మీరే తేల్చుకోండి" అన్నాడు మేస్త్రీ.

"ఒక్క ఆట ఆడదాం అన్నయ్యా, ఓడినవాడు వెళ్ళాలి" అన్నాడు తమ్ముడు.

నాకు రెండు తొమ్మిదులు పడ్డాయి. వాడు ఒక్క ముక్క పడేసి, బదులు ఇంకోటి తీసుకుని, గుండీలన్నీ ముందుకు తోశాడు. వాడి మొహం గెలిచినవాడి మొహమే. ఇంకెవడైనా తప్పుకునేవాడు. కానీ వాడు తీసుకున్న ముక్క వీపున గీత కనబడింది. అన్నిటికన్నా చిన్న ముక్క, దాంతో వాడికి ఆట కుదిరే అవకాశం తక్కువే. నేనూ గుండీలు తోశాను.

"దొరికిపోయాను" అని నవ్వి ముక్కలు పడేశాడు.

మర్నాడు వాడు లోపల ఉండగా ఆవిరి గొట్టం పగిలింది. వాడు సాయంత్రం దాకా కూడా ఉండలేదు.

నెల తిరిగాక మరదలు అడిగింది. "ఆ రోజు ఆయన్నే ఎందుకు పంపారు బావగారూ?"

"పేకలో ఓడాడమ్మా."

"మీ ముందు ఏదీ దాచలేనని అనేవారు. అన్నయ్యకి నా మనసు అద్దంలా కనబడుతుంది అని మురిసిపోయేవారు."

మనసు కాదమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ నా చేతులు రెండూ కళ్ళకి ఆనించుకుని ఏడుస్తోంది. నేను వాటిని వెనక్కి తీసుకోలేకపోయాను.