మిర్చి ఘాటు కాదు

"మిర్చి ఘాటుకే గుండె పట్టేసింది. జర మజ్జిగ తాగు, పోతది," అన్నది లక్ష్మీనర్సమ్మ కింది నుంచే.

కోడలు యమున గంపతో మెట్ల మధ్యలో ఆగిపోయింది. కురవిలో వాళ్లింటికి మిర్చి వచ్చిందంటే డాబా మీద ఆరబోసేది ఆమే, పొద్దుగూకగానే కుప్ప చేసేదీ ఆమే. రెండేళ్లుగా పైకెక్కినప్పుడల్లా ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టు నొప్పి. కూర్చుంటే పోతుంది. పోయిన ఏడాది దవాఖానకు పోయేముందు అత్త, "నీరసంగ కనబడితే మమ్మల్ని ఏమనుకుంటరు? పొద్దంత పండుకో," అని ఎన్నడూ లేనిది విశ్రాంతి ఇచ్చింది. అక్కడా పడుకోబెట్టే ఈసీజీ తీశారు. అంతా బాగుందన్నారు. "నీ గుండె పనిదొంగది," అని భర్త యుగేందర్ నవ్వాడు. నొప్పి కూర్చుంటే పోయేది, ఆ నవ్వు మాత్రం పోలేదు. అయినా డిగ్రీ చదివిన బుర్ర ఊరుకోదు కదా. అదే ఘాటులో తొడిమెలు తీస్తూ పూటంతా కూర్చుంటే ఏమీ కాలేదు. ఉత్త నీళ్ల బిందెతో మెట్లెక్కితే పట్టేసింది. మరి తప్పు మిరపకాయదెలా అవుతుంది?

ఈసారి మహబూబాబాద్ డాక్టరుకు అదే చెప్పింది. "పండుకోబెట్టి చూస్తే దొరకదు సార్. కష్టపడుతున్నప్పుడు చూడుండ్రి."

ఆయన ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. వేగం పెంచగానే నొప్పి వచ్చింది, ఈసీజీ గీతలూ మారాయి. వరంగల్‌లో స్కానింగ్ తీశాక అక్కడి డాక్టరు ఆమెనూ, వెంట వచ్చిన భర్తనూ అత్తనూ కూర్చోబెట్టి చెప్పాడు. గుండెకు రక్తం ఇచ్చే కుడి నాళం తన చోట కాక ఎడమవైపు మొదలై, రెండు పెద్ద నాళాల సందులోంచి వస్తోంది. ఒళ్లు శ్రమపడితే నలుగుతోంది. "పుట్టుకతోనే ఇలా ఉంది. ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. ఆలస్యం మాత్రం మంచిది కాదు."

తన నొప్పికి ఒక చోటు ఉంది, ఒక కారణం ఉంది. యమునకు భయం కన్నా ముందు ఊపిరాడింది.

"పుట్టినప్పటిసంది ఉన్నదేనాయె! ఇన్నేండ్లు ఆగింది, మిర్చి అమ్ముడుపోయేదాక ఆగదా?" అన్నది లక్ష్మీనర్సమ్మ. "బంగ్ల మీదికి మిర్చి గంపలు ఎవలు మోస్తరు?"

"వాకిట్ల ఆరబోయుండ్రి అత్తమ్మా."

"వాకిట్ల ట్రాక్టర్ ఉంటది గద," అన్నాడు యుగేందర్.

"అయితే ట్రాక్టర్‌ను బంగ్ల ఎక్కియుండ్రి."

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. ట్రాక్టర్ తీసి వాకిలి ఖాళీ చేయొచ్చని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు. మోసేది వాళ్లయితే మొదటి ఏడాదే తోచేది.

"మరి ఎప్పుడు పెట్టుకుందాం?" డాక్టరు యుగేందర్‌ను అడిగాడు.

"సోమవారం చేరుత సార్," అన్నది యమున.