ఆయ్, బాగానే ఉందండి

ముక్కు మీద కోపం అనే మాట నన్ను చూశాకే పుట్టిందని మా ఆవిడ అమ్మాజీ అంటుంది. అనుకోనివ్వండి. పాలకొల్లు పక్కన మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తప్పు లెక్కని బాగుందని ఏనాడూ అనలేదు. మా వైపు అది పెద్ద నేరం. ఇక్కడ పడనివాడు ఇంటికొచ్చినా కాఫీ ఇచ్చి, "ఆయ్, మీరన్నదే నిజమండి" అని గుమ్మం దాకా సాగనంపుతారు.

ఈ మర్యాదే ఒకసారి ఒక ఆడపిల్ల కొంప ముంచబోయింది.

ఆ పిల్ల పేరు సారిక. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు సువార్తమ్మ కూతురు. నా దగ్గరే లెక్కలు నేర్చుకుని, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. 2004లో తోటివాళ్ళంతా హైదరాబాదు బస్సెక్కుతుంటే, తను మాత్రం లూథరన్ చర్చి వెనక ఉన్న సండే స్కూలు గది అడిగి పుచ్చుకుంది. పాస్టరుగారు ఆదివారం పూట ఖాళీ చేస్తే చాలన్నారు. అక్కడ కూర్చుని ఒక పెట్టె తయారు చేసింది.

మాది రొయ్యల చెరువుల సీమ. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు కరెంటు పోతే ఆగిపోతాయి. అవి ఆగితే గాలి అందక రొయ్యలు తేలిపోతాయి. గట్టు మీద షెడ్డులో సారిక పెట్టె తగిలిస్తే, కరెంటు పోగానే అందులో ఉన్న పాత సెల్‌ఫోను దానంతటదే రైతు సెల్‌కి రింగిస్తుంది. రైతు ఏ ఊళ్ళో ఉన్నా చెరువు దగ్గరున్న మనిషికి చెప్పి జనరేటరు వేయించుకోవచ్చు. ఇంత తేలికైన ఆలోచన ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు రాలేదా అని నాకు ఆశ్చర్యం. ఇది నా శిష్యురాలికి వచ్చిందని గర్వం కూడా. పైకి మాత్రం అనలేదు, అలవాటు లేదు.

రైతులు చాలామందే కొన్నారు. కానీ రెండో పెట్టె ఎవరూ అడగలేదు, పక్క చెరువువాడికి ఎవరూ చెప్పలేదు. ఈలోగా హైదరాబాదు కంపెనీ నుంచి సారికకి ఉద్యోగం ఆర్డరొచ్చింది. సువార్తమ్మ కొత్త సూట్‌కేసు కొనేసింది.

అప్పుడొచ్చింది సారిక మా ఇంటికి.

"మాస్టారండీ, ఎవర్నడిగినా బాగానే ఉందండీ అంటున్నారు. మంచం వేసి కూర్చోబెట్టి కొబ్బరి బొండాం కొట్టిస్తున్నారు. మొన్నొకరు పూతరేకులు కట్టి ఇచ్చారు. బాగుంటే మళ్ళీ ఎందుకు కొనరండీ?"

"నన్నేం చెయ్యమంటావు?"

"మీరెళ్ళి అడగండి. ఊళ్ళో మొహం మీద మాట్లాడేది మీరొక్కరే. తప్పెక్కడుందో తెలియకుండా ఇది మూసేసి వెళ్ళిపోతే, ఆ ఉద్యోగంలో కూడా నాకు ఇదే గుర్తొస్తుందండి."

అది పొగడ్తో తిట్టో తేల్చుకోకుండానే సైకిలు తీశాను.

పల్లంరాజు చెరువులు ఊరికి దగ్గర. నా పాత శిష్యుడే. ఇప్పుడు మీసాలు నెరిసి, బంగారు గొలుసు వేసుకుని పెద్ద రైతయ్యాడు. నన్ను చూడగానే లేచి చేతులు కట్టుకున్నాడు. షెడ్డులో చూస్తే గోడకి మేకు ఉంది, పెట్టె లేదు.

"పెట్టె ఏదిరా?"

"ఉందండి మాస్టారూ. బాగానే ఉందండి."

"ఎక్కడుందిరా అంటున్నాను."

మంచం కింద నుంచి తీశాడు. కొన్న రోజున వచ్చిన పాలిథీన్ కవరు తీయకుండా, పైన ఇంకో కవరు తొడిగి, పురికొస కట్టి ఉంది. కొత్త టీవీ రిమోటుకి మనవాళ్ళు కవరు ఉంచేస్తారు చూడండి, అలాగ. లోపల చెమ్మ చుక్కలు చుక్కలుగా పట్టేసింది. చెరువు గాలి లోపలికి పోయింది, బయటికి రాలేదు.

"ఇది మోగుతోందా?"

"లేదండి. కొన్న కొత్తల్లోనే ఆగిపోయిందండి."

"మరి ఆ పిల్లకి చెప్పవేం?"

"ఎలా చెప్తామండి? ఆడపిల్ల, కష్టపడి చేసింది. మొహం చిన్నబుచ్చుకుంటుంది కదండీ. ఆ పిల్ల స్కూటరు చప్పుడు వినబడగానే తీసి మేక్కి తగిలించేస్తున్నామండి."

మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. మిగతా సగం ఇక్కడ రాయలేను గానీ, పల్లంరాజుకి మాత్రం పూర్తిగా వినిపించాను. పక్క చెరువులకీ వెళ్ళాను. అన్నిచోట్లా అవే కవర్లు, అదే మర్యాద. ఒకాయన ఆ పెట్టెకి పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో ఉంచాడు. పాడైన యంత్రానికి ఇంత గౌరవం దక్కడం ఎక్కడా చూడలేదు.

పెట్టెలన్నీ సంచిలో వేసుకుని సండే స్కూలు గదికి వస్తుంటే మొదటిసారి నాకు భయమేసింది. నిజం చెప్పడం నాకు కష్టం కాదు. కానీ ఊరంతా తనని చిన్నపిల్లలా బుజ్జగించిందని ఆ పిల్లకి చెప్పాలి.

చెప్పాను. సారిక మొహం ఎర్రబడింది. తరవాత పురికొస విప్పి, కవరు తీసి, చెమ్మని వేలితో తుడిచి చూసింది.

"నేనే వాళ్ళని కవరు తీసెయ్యమని చెప్పాల్సిందేమో," అంది.

"చెప్పినా తీయరు. మీ అమ్మ ఆ సూట్‌కేసు కవరు తీసిందా?"

నవ్వేసింది. "అయితే వాళ్ళని మార్చే బదులు కవరే మారుద్దామండి."

కంపెనీకి ఫోన్ చేసి నెల గడువు అడిగింది. మోటారు వైండింగు షాపులో తీగలకి పూసే వార్నిష్ తెచ్చి లోపలి భాగాలకి పూసింది. పాలకొల్లులో మిక్సీలకీ టీవీలకీ కవర్లు కుట్టే టైలరు దగ్గర కూర్చుని, కింద తెరిచి ఉండే రెగ్జిన్ కవరు కుట్టించింది. దానికి పూల అంచు కూడా పెట్టించింది, దాని మీద ఇంకో కవరు తొడగడానికి ఎవరికీ మనసొప్పకుండా. పాడైన ప్రతి పెట్టె బదులు కొత్తది తనే వెళ్ళి తగిలించి వచ్చింది. ఇన్నేళ్ళ పాఠాల్లో ఇంత చక్కటి జవాబు నాకు ఏ విద్యార్థీ రాయలేదు. ఈసారి బాగుందని పైకే అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి నాకేమైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

గడువు అయిపోవస్తోంది. ఆషాఢం వచ్చింది. రైతులు మళ్ళీ బాగానే ఉందండీ అనడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. సువార్తమ్మ సూట్‌కేసు సర్దేసింది.

ఆ మధ్యాహ్నం నేను సండే స్కూలు గదిలోనే ఉన్నాను. మోటారు సైకిలు గుమ్మంలో ఆగింది. పల్లంరాజు. బొట్టు కారిపోయింది, చొక్కా చెమటతో తడిసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏంటమ్మా ఈ పెట్టె? కరెంటు పోతే ఒక్క నంబరుకే ఫోను చేస్తే ఎలాగమ్మా? పొద్దున్న పెద్దాపురం మరిడమ్మ జాతరలో ఉన్నాను. డప్పుల్లో సెల్ ఏం వినబడతాది? మా బావమరిది నా జేబు తడిమి తీశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే రొయ్యంతా పోయేది. రెండు నంబర్లకి చెయ్యొద్దా? చదువుకున్న పిల్లవి, ఆ మాత్రం తెలియదా?"

"రొయ్యలు బతికాయాండీ?" అంది సారిక.

"బతికాయి. జనరేటరు వేయించాను. అది కాదు నేననేది. నా మిగతా చెరువులకి పెట్టేవాటికైనా రెండు నంబర్లు పెట్టమ్మా, ఇలాటి పని చెయ్యకు."

సారిక బల్ల కింద నుంచి స్టూలు లాగి ఆయన ముందు వేసింది. ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇంకా ఏమేం బాలేదో చెప్పండి," అంది.

కేకలు విని సువార్తమ్మ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏంటండి మాస్టారూ ఇది, మీరుండగా మా పిల్లని ఇలా తిడుతున్నారు?" అంది నాతో.

"తిట్టనివ్వమ్మా," అన్నాను. "నువ్వు వెళ్ళి సూట్‌కేసు విప్పెయ్యి."