చేప లేని చారు

నాతో టూరుకి వచ్చేవాళ్ళకి ఒకటే షరతు. కుక్కరు తేకూడదు. టికెట్ మర్చిపోతే ఏదో తిప్పలు పడదాం, కుక్కరు తెస్తే మాత్రం వ్యాన్ ఎక్కనివ్వను.

మాది కెనడాలో మిల్టన్. ఆరేళ్ళుగా మా చుట్టుపక్కల తెలుగువాళ్ళని, అందులోనూ మాంసం ముట్టనివాళ్ళని, ఏడాదికి రెండుసార్లు ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తున్నాను. మనవాళ్ళు నయాగరా వెళ్ళినా, రాకీ కొండలకు వెళ్ళినా, హోటలు గదిలో ముందు ప్లగ్గు వెతుక్కుని ఉప్మా మొదలుపెడతారు. ఒకసారి బాన్ఫ్‌లో పోపు పొగకి ఫైర్ అలారం మోగి, మూడంతస్తుల జనం నైటీలతో మంచులో నిలబడ్డారు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఊరు చూడడమంటే ఆ ఊరి అన్నం తినడం. పులిహోర తినడానికి నాలుగు వేల కిలోమీటర్లు పోవడం ఎందుకు, మిల్టన్‌లో మా ఇంటికొస్తే నేనే కలిపి పెడతాను.

షరతు పెట్టడం తేలికే. వెళ్ళినచోట శాకాహారం దొరికేలా చూసే పని నా నెత్తిన పడింది. అందుకని ఏ ఊరికైనా ముందు నేనొక్కదాన్నే వెళ్ళి, తిని, చూసి వస్తాను. క్యుబెక్‌లో ఒక బేకరీ అమ్మాయి ఆపిల్ పై అనే మిఠాయి శాకాహారమేనని ఎంత చెప్పినా వినకుండా డబ్బా తెప్పించి చదివాను. పిండిలో పంది కొవ్వు! అప్పటినుంచి మావాళ్ళకి నా మాట వేదం. గుడిలో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో కూడా "కమలకుమారి గారు చూశారా?" అని అడిగి మరీ వడ్డించుకుంటారు. కోదండరామ్ మాస్టారైతే మరీను. డెబ్బై ఆరేళ్ళు, తెనాలిలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. బయట మంచినీళ్ళు కూడా ఆలోచించి తాగే మనిషి. "కమలకుమారి తిన్నదంటే నేనూ తింటాను" అని నలుగురిలో అనేవారు. నాకది బిరుదిచ్చినట్టు ఉండేది. అబద్ధం ఎందుకు, చాలా గర్వంగానే ఉండేది.

మే నెలలో ఆల్డర్ క్రీక్ వెళ్ళాను. బ్రిటిష్ కొలంబియాలో కొండల మధ్య చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో, కెనడాలోనే పుట్టినవాళ్ళని కూడా చూడకుండా, జపనీస్ కుటుంబాలను సముద్రతీరం నుంచి తరిమి ఇలాంటి లోయల్లో చెక్క గుడిసెల్లో పెట్టింది ప్రభుత్వం. యుద్ధం అయ్యాక చాలామంది వెళ్ళిపోయారు, ఇక్కడ కొందరు ఉండిపోయారు. ఇప్పటికీ ఊళ్ళో సగం వాళ్ళదే. సోయా పాలు విరగ్గొట్టి పనీరులాంటి టోఫు చేసే కొట్టు, సోయా ముద్దను చెక్క పీపాల్లో ఊరబెట్టి మిసో తయారుచేసే షెడ్డు, వసారాల్లో వేలాడదీసిన ముల్లంగులు. ఆవకాయల రోజుల్లో మన వీధుల్లాగా ఊరంతా ఒకటే ఊరగాయ వాసన. దిగీదిగగానే నచ్చేసింది.

దిగింది హమాడా వాళ్ళ ఇంట్లో. తొమ్మిది గదులున్న పాత చెక్క ఇల్లు, బసా భోజనమూ అక్కడే. నడిపేది జూన్, అరవై ఏళ్ళ మనిషి. వంట మాత్రం ఆమె తల్లిది. మిసెస్ హమాడాకి ఎనభై ఆరు. నడుం వంగింది గానీ నాలుక వంగలేదు.

సాయంత్రం భోజనానికి కూర్చుంటూ జూన్‌ని ఒక్కో గిన్నె చూపించి అడిగాను. మాంసం ఉందా? లేదు. గుడ్డు? లేదు. చేప ముక్కలు? లేవు. అన్నం, మిసో రాసి కాల్చిన వంకాయ, కొండమీద దొరికే ఒకరకం ఆకు కాడల కూర, ముల్లంగి ఊరగాయ, పొగలు కక్కుతున్న చారు. ఆ చారు గిన్నె ఎత్తి చుక్క మిగలకుండా తాగాను. భోజనం అవుతూనే మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను, ఊరు దొరికింది, సెప్టెంబరులో వెళ్తున్నాం అని. పది నిమిషాల్లో పద్నాలుగు మంది పేర్లిచ్చారు. మొదటి పేరు మాస్టారిదే.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్ళాను, చేసే విధానం రాసుకుందామని. మిసెస్ హమాడా మరిగే నీళ్ళలో గులాబి రంగు రేకుల్ని గుప్పెడు వేసి, కాసేపాగి వడకట్టి రేకుల్ని పారేసింది. వడ్రంగి చిత్రిక పట్టిన పొట్టులాగా ఉన్నాయవి.

"అదేం చెక్క?" అని అడిగాను.

"చెక్క కాదు. చేప. ఎండబెట్టి తురిమింది."

"నిన్నటి చారులో కూడానా?"

"చారులో, కూరలో, వంకాయలో. అది లేకపోతే రుచెక్కడిది?" అంది, నీళ్ళలో నీళ్ళెందుకని అడిగినట్టు నావైపు చూసి.

వాళ్ళని ఏమనగలను? జూన్ అబద్ధం ఆడలేదు. చేప ముక్కలు లేవు మరి. గిన్నెలో ఏముందో అడిగాను గానీ, ఆ నీళ్ళు దేనితో మరిగాయో అడగలేదు. బేకరీ డబ్బా చదివినదాన్ని, చారు దగ్గర బోల్తా పడ్డాను. యాభై ఎనిమిదేళ్ళు ముట్టనిది ముట్టేశాను. గదిలోకి పోయి తలమీదుగా నీళ్ళు పోసుకుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అసహ్యం కొంత, కోపం కొంత. ఎక్కువ భాగం సిగ్గు.

మా ఆయన రామ్మోహన్‌కి ఫోన్ చేశాను.

"తెలీక తిన్నదానికి పాపమేంటి కమలా? ఊరుకో," అన్నారు.

"ఊరుకుంటే? మాస్టారొస్తున్నారండీ."

"ఆ ట్రిప్పు క్యాన్సిల్ చెయ్యి, వేరే ఊరు చూడు. ఇది మాత్రం ఎవరికీ చెప్పకు. నీ మాట మీద తినేవాళ్ళందరికీ ఇక అనుమానమే."

అదీ నిజమే. కానీ క్యాన్సిల్ అన్న మాట వినగానే ఏడుపు ఆగి ఒళ్ళు మండింది. ఇంత రుచి చేతిలో ఉన్న ఊరిని ఒక గుప్పెడు రేకుల కోసం వదిలిపెట్టి పోవాలా? పోను. ఆ పూట మంచినీళ్ళతో సరిపెట్టుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను.

"చేప లేకుండా చారు చేసి చూపిస్తే మా పద్నాలుగు మందికీ మీ చేత్తో పెడతారా?"

"నా నాలుకకి నచ్చితే పెడతాను. నచ్చకపోతే నా ఇంట్లో నా పేరు మీద పెట్టను," అంది మిసెస్ హమాడా.

రెండు రోజులు పొయ్యి దగ్గరే ఉన్నాను. సముద్రపు ఎండునాచు మరిగించాను. "వేడినీళ్ళు" అంది. ఉల్లిపాయ మాడ్చి వేశాను. "ఆసుపత్రి సూపు" అంది. బ్యాగులోంచి చింతపండు తీసి రవ్వంత కలిపితే నా కళ్ళముందే సింకులో పారబోసింది. "మీ ఊరి చారు మీ ఊళ్ళో పెట్టుకో. నా ఊరి చారు అడిగావు కదా!" అని గదిమింది. ఆ మాట నేను మా వాళ్ళని అనే మాటే. నోరు మూసుకున్నాను.

మూడోరోజు పొద్దున ఉలవచారు గుర్తుకొచ్చింది. గింజలు ఉడికిన నీళ్ళలో బలం లేదంటే మా కృష్ణా, గుంటూరు వాళ్ళు ఒప్పుకుంటారా? ఇక్కడ ఉలవలు లేవు, సోయా గింజలు ఉన్నాయి. నానబెట్టే టైము లేదు, మధ్యాహ్నం నా ప్రయాణం. పెసరపప్పు వేయించినట్టు మూకుట్లో సన్న సెగ మీద వేయించడం మొదలుపెట్టాను. అరలో పైన్ చెట్ల కింద దొరికే ఎండు పుట్టగొడుగులు కనిపిస్తే నీళ్ళలో పడేశాను. గింజలు చిటపటమని కమ్మటి వాసన వస్తోంది. వెనక ఏదో పడిన చప్పుడైంది. మిసెస్ హమాడా చేతికర్ర జారిపోయి గుమ్మాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మా ఇళ్ళల్లో ఇలాగే వేయిస్తాం."

ఆమె వచ్చి నా చేతిలో గరిటె లాక్కుంది. "మాడుతున్నాయి. ఇంకా లేతగా ఉండగానే దించాలి," అంది.

కలుపుతూనే చెప్పింది. గుడిసెల్లో ఉన్న ఏళ్ళలో సముద్రం లేదు, ఎండుచేప లేదు. వాళ్ళమ్మ సోయా గింజలు వేయించి, కొండమీద ఏరుకొచ్చిన పుట్టగొడుగులతో కలిపి మరిగించి చారు కాచేది. ఒక గుడిసెలో రెండు కుటుంబాలు, గోడలకి లోపలివైపే మంచు పేరుకునేది. చిన్న తమ్ముడు రెండో చలికాలం దాటలేదు. బయటపడ్డాక వాళ్ళ నాన్న మొదట కొన్నది ఎండుచేప. ఇక ఆ పాత చారు ఇంట్లో కాయలేదు. ఆమె కూతురు జూన్‌కి దాని సంగతే తెలియదట. గుమ్మంలో నిలబడి జూన్ కళ్ళు తుడుచుకుంటోంది.

"కాస్తాను. నేను మాత్రం నోట్లో పెట్టుకోను. రుచి నువ్వే చూసి చెప్పు," అంది మిసెస్ హమాడా.

చూశాను. నిండుగా, కమ్మగా ఉంది. గొంతు దిగాక కూడా నాలుక మీద నిలబడింది. "అద్భుతం," అన్నాను. మధ్యాహ్నం బయల్దేరేలోపు కూరకీ వంకాయకీ కూడా అదే నీళ్ళు వాడి చేసి చూపించింది.

సెప్టెంబరులో రెండు వ్యాన్లలో పద్నాలుగు మందిమీ... కాదు, నాతో పదిహేను మందిమి దిగాం. టోఫు కొట్టులో వేడివేడి టోఫు తిన్నారు. మిసో పీపాల్లోకి తొంగిచూసి ఈశ్వరమ్మ గారు "మన గోంగూర జాడీలకన్నా పెద్దవి" అని ముక్కున వేలేసుకున్నారు. అందరూ హుషారుగా ఉన్నారు, నేను తప్ప. నాలుగు నెలలుగా ఆ గిన్నెడు చారు నా కడుపులో అలాగే ఉంది. ఇప్పుడు పెట్టేదాంట్లో చేప లేదు, ఇక చెప్పాల్సిన పనేముంది అని రోజుకొకసారి నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

సాయంత్రం అందరూ వరసగా కూర్చున్నారు. మిసెస్ హమాడా గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. మాస్టారు చారు గిన్నె రెండు చేతులా ఎత్తి, "కమలకుమారి తిన్నది కదా, ఇంకేం ఆలోచన," అన్నారు.

"ఆగండి మాస్టారూ!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నిలబడి మొత్తం చెప్పేశాను. మేలో ఇక్కడే కూర్చుని చేప నీళ్ళ చారు తాగాను, సరిగ్గా అడగకుండా తాగాను, ఊరు బాగుందని మీకు చెప్పింది ఆ చారు తాగాకే. ఇప్పుడిది వేరే చారు, ఇందులో చేప లేదు, ఈ పెద్దావిడ మీకోసమే కాచింది.

గిన్నెలు టకటకా కింద పెట్టేశారు.

"నాలుగు నెలలు ఎందుకు దాచావు తల్లీ?" అన్నారు ఈశ్వరమ్మ గారు.

"సిగ్గేసింది పిన్నిగారూ. మీరంతా నా మాట మీద తింటారని."

మాస్టారు నావైపు చూడనైనా లేదు. లేచి, పంచె సర్దుకుని వంటింట్లోకి నడిచారు. వెనకే పరిగెత్తాను. డబ్బాలన్నీ మూతలు తీయించారు, గిన్నెలు వాసన చూశారు, వేయించిన గింజ ఒకటి కొరికారు. ల్యాబులో పిల్లల రీడింగులు సరిచూసినట్టు ఒక్కొక్కటీ జూన్‌ని అడిగి తెలుసుకున్నారు. చివరికి మిసెస్ హమాడా ముందు నిలబడి ఇంగ్లీషులో అడిగారు.

"మీరు తాగారా ఇది?"

"లేదు. ఆరేడేళ్ళ వయసులో తాగాను, అంతే," అందామె.

"వండినావిడ తాగని చారు నేనెలా తాగనమ్మా?"

ఆమె తమ్ముడి సంగతి గుర్తొచ్చి, వద్దు మాస్టారూ అనబోయాను. అంతలోనే ఆమె గరిటెడు గిన్నెలో పోసుకుని, కళ్ళు మూసుకుని తాగింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. కళ్ళు తెరిచి నావైపు చూసింది.

"అద్భుతమన్నావు. ఉప్పు చాల్లేదు. మా అమ్మ ఇంకా వేసేది."

ఇంత మిసో తీసి కరిగించి కలిపింది. మాస్టారు అక్కడే నిలబడి ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క. గిన్నె ముందుకు చాపి మారు పోయించుకున్నారు. అప్పుడు తిరిగారు నావైపు.

"ఇన్నాళ్ళూ నీ మాట మీద తిన్నానమ్మాయ్. ఇక మీదట నేనే అడిగి తింటాను."

"సరే మాస్టారూ," అన్నాను.

ఆయన్ని చూసి ఒక్కొక్కరే వంటింట్లోకి వచ్చారు, చూశారు, అడిగారు, వాసన పట్టారు. ఈశ్వరమ్మ గారు గింజలు ఎంతసేపు వేయించాలో చీటీ మీద రాసుకున్నారు. నన్ను మాత్రం ఎవ్వరూ ఒక్క ముక్క అడగలేదు. ఆ పూట నా మాట పోయింది. పద్నాలుగు మందీ కడుపునిండా తిన్నారు. నేను జూన్ పక్కన నిలబడి, కన్నీళ్ళు మింగుకుంటూ, అందరికీ వడ్డించాను.