నాంచారమ్మ కంట్లో నేను తోడిన ఉప్పు

నేను ఒక పంపును. చేలో నీళ్లు తోడే పంపును కాను. పెడనలో కలంకారీ అద్దకం పని చేసే నాంచారమ్మ కంట్లో, వెనకవైపు తెరలో, ఒక నాడీకణపు గోడలో పుట్టాను. ఏ భూతద్దానికీ దొరకనంత చిన్నదాన్ని.

నా పని ఉప్పు తోడడం. మూడు సోడియం రేణువులను బయటికి తోసి, రెండు పొటాషియం రేణువులను లోపలికి తెచ్చుకుంటాను. నా పక్కనే ద్వారాలున్నాయి. అవి తెరుచుకోగానే సోడియం తోసుకుంటూ లోపలికి వస్తుంది, ఆ వెంటనే పొటాషియం బయటికి జారిపోతుంది. ఆ రాకపోకలే నాడికి మాట. ఆ మాట మెదడుకు చేరితేనే మనిషి చూసినట్టు. తెరవడం ద్వారాలకు ఒక్క క్షణం పని. వెళ్లిపోయినవాళ్లను తిరిగి తెచ్చుకోవడం మాత్రం ఎప్పుడూ నా వంతే. నేను ఆగిపోతే లోపలా బయటా ఒక్కటైపోతుంది. అప్పుడు ద్వారం తెరిచినా వచ్చేవారుండరు.

నాంచారమ్మ దగ్గరే ఆమె చెల్లెలు శేషారత్నం ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు, అప్పటినుంచీ తెల్లచీరే. అక్క అద్దిన బట్టను చెల్లెలు కాలవలో ఉతికి గట్టున ఆరేసేది. పువ్వుల మధ్య ఖాళీ బట్ట తెల్లబడేదాకా తడుపుతూనే ఉండేది. తెల్లబడిందో లేదో తేల్చేవి మాత్రం నాంచారమ్మ కళ్లు. అంటే, మేమే.

గుండెదడకని డాక్టరు ఆమెకు రోజుకో మాత్ర ఇచ్చాడు. మంచి మందే. పొటాషియం ఎక్కవలసిన చోట తాను కూర్చుని, మా పంపులను కాస్త నెమ్మదింపజేస్తుంది. ఆ కాస్త వల్లే గుండెకు బలం. ఇంతలో కార్తీకం వచ్చింది. మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందని నాంచారమ్మ ఆ పూట మానేసేది. మర్నాడు దోషపరిహారం చేసుకున్నట్టు రెండింతలు, మూడింతలు మింగేది. దేవుడికీ డాక్టరుకీ కోపం రాకూడదని మనుషులు పడే పాట్లు ఇలాగే ఉంటాయి. తిండి తగ్గి ఒంట్లో పొటాషియం కూడా తగ్గింది. ఖాళీ దొరికిన మందు నా మీద మరింత గట్టిగా కూర్చుంది.

నా చేయి ఆడలేదు. నాంచారమ్మ లోకం పసుపుపచ్చగా మారింది.

అద్దకానికి ముందు బట్టకు పట్టించిన కరక్కాయ పసుపు ఇంకా వదల్లేదని ఆమె అదే బట్టను మళ్లీ మళ్లీ కాలవకు పంపింది. శేషారత్నం చేతులు పగిలిపోయాయి.

"ఇది తెలుపటే? మీ ఆయన పోయిన కాణ్ణుంచి నీ కంటికేదీ ఆనటంలా" అంది అక్క చివరికి.

"తెల్లగానే ఉందక్కా. తెలుపంటే ఏందో రోజూ ఒంటికి చుట్టుకునేదాన్ని, నాకు తెలవదా?"

ఆ సాయంత్రమే శేషారత్నం గుడివాడలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. గుమ్మం దాటే చెల్లెలి వీపు కూడా నాంచారమ్మకు పచ్చగానే కనిపించింది. అయినా వెనక్కి పిలవలేదు. పొటాషియం జారిపోయినప్పుడు నాకెలా ఉంటుందో, ఆ ఇంటికి అలా అయింది.

వారం తిరక్కుండానే నాంచారమ్మ అద్దకం బల్ల మీద కుప్పకూలింది. కబురందుకుని శేషారత్నం ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చింది. మాత్రలు ఎక్కువైతే కంటికి అంతా పచ్చగా కనిపిస్తుందని, గుండె కూడా అదుపు తప్పిందని, ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ఆమెకు విడమరిచి చెప్పాడు. విన్నాక ఆమె మంచం దగ్గరికొచ్చింది.

నాంచారమ్మ కళ్లు తెరిచింది. నాలో మిగిలిన కాస్త బలంతో పక్క ద్వారాలకు చివరి మాట అందించాను. ఆమె చెల్లెల్ని తల నుంచి కాళ్లదాకా చూసింది.

"పసుపు చీర కట్టావటే?" అంది. "బాగుందే. ఇంక మార్చమాక."

శేషారత్నం తన తెల్లకొంగు వంక చూసుకుంది. బట్ట తెల్లగానే ఉందని అక్కతో వాదించిన మనిషి.

"అవునక్కా, పసుపే" అంది.

కాసేపటికి గుండె ఆగింది. ద్వారాలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. పొటాషియమంతా వెళ్లిపోయింది. తిరిగి తెచ్చుకోవడానికి నాలో ఏమీ మిగల్లేదు. శేషారత్నం వంగి అక్క రెప్పలు మూసింది. ఆమె కన్నీరు ఒక చుక్క ఆ రెప్ప మీద పడింది. అందులోనూ ఉప్పే. ఆ ఒక్కదాన్ని మాత్రం బయటికి తోయవలసిన పని నాకు లేకపోయింది.